బొంత కప్పిన కారు

హన్మమ్మకు కోపమొస్తే వికారాబాదు స్టేషను దాకా వినపడుతుందని వాడకట్టులో ఒక మాట ఉంది. ఇది కాస్త ఎక్కువే గానీ, పూర్తిగా అబద్ధమని హన్మమ్మ కూడా అనదు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఎండలు ముదరకముందు ఒకరోజు మాత్రం ఆ కోపం స్టేషను దాటి ఇంకా పైకే పోయి ఉంటుంది. స్టేషను ముందు కిరాయికి నిలబెట్టే తమ తెల్ల అంబాసిడర్, పరిగి దారిలో రోడ్డు కింద నీళ్లు పోయే ఒక మోరీ గోడకు గుద్దుకుని మూతి వంకర చేసుకుని ఇంటికొచ్చింది. నడిపింది ఎవరో కాదు, కట్టుకున్న మొగుడు మొగులప్ప.

“బర్రె అడ్డమొచ్చిందే,” అన్నాడు మొగులప్ప.

“బర్రెకు బుద్ధి లేదు. నీకు?”

 ఆ కారులో సగం హన్మమ్మ బర్రెలది. పాలమ్మి కూడబెట్టి ఆమె సగం పెడితేనే కారు ఆ ఇంటి ముందుకు వచ్చింది. అందుకని బర్రెల మీద నేరం మోపడం ఆ ఇంట్లో చెల్లదు.

నిజానికి ఎవరికీ దెబ్బ తగల్లేదు. బర్రె తన దారిన తాను పోయింది. కానీ చిక్కు ఎక్కడొచ్చిందంటే, మొగులప్ప అప్పుడే ఒక కొత్త జంటను పరిగిలో దింపి తిరిగి వస్తున్నాడు. ఈ వార్త స్టేషను ముందరి హోటలు చేరేసరికి పెళ్లికూతురు కారులోనే ఉంది. సాయంత్రానికి ఆమె మూర్ఛపోయింది. మర్నాడు సంతలో ఆమె కాలు విరిగింది. పాపం, ఆ పిల్ల అప్పటికి అత్తగారింట్లో బూరెలు తింటూ సుఖంగా ఉంది. లోకుల నోటికి మూత ఎవరు పెట్టగలరు?

గుద్దుకున్న బండిలో పెళ్లిపిల్లను ఎక్కించకూడదని ఈ పక్క పట్టింపు. బండి బాగుపడినా శకునం బాగుపడదంటారు. పెళ్లిళ్ల కాలం ముందుంది. పెళ్లికారు అన్న పేరు పోతే ఇక ఆ అంబాసిడర్ గుట్ట మీది ఆసుపత్రికి రోగుల్ని, సంతకు మేకల్ని మోయవలసిందే. మేకల మీద హన్మమ్మకు ద్వేషం లేదు. కానీ పూలు కట్టించుకుని, బాజాల వెనకాల మెల్లగా నడిచిన కారు అది. ఆ నడక చూసి ఆమె గుండె ఎన్నిసార్లు పొంగిందో ఆమెకే తెలుసు. ఆ గౌరవం ఎలాగైనా తిరిగి రావాలి, అంతే.

మొగులప్ప మెత్తని మనిషి. ఎవరు తియ్యగా మాట్లాడితే వాళ్ల మాట వింటాడు. ఊళ్లోనే ఒక షెడ్డువాడు “వారంలనే కొత్త బండి జేసిస్త” అన్నాడు, చేసిచ్చాడు. నున్నగా మెరిసిపోతోంది. మొగులప్ప మురిసిపోయాడు. అనంతగిరి గుట్ట ఎక్కి దిగేసరికి ఎడమ మడ్గార్డు మీద సన్నని గీత కనబడింది. మర్నాటికి గీత పగులైంది. ఆ మర్నాడు అరచేయంత పెచ్చు ఊడి హన్మమ్మ కాళ్ల ముందే పడింది.

ఆమె ఆ పెచ్చును చేత్తో నలిపి చూసింది. సున్నంలా పొడైపోయింది. చప్పుడు చేయకుండా హోటలుకు పోయి, అక్కడ పగిలిపోయి పడి ఉన్న లౌడ్‌స్పీకర్‌లోంచి సూదంటురాయి పీకించుకొచ్చింది. కుడి పక్క తలుపుకు పెడితే టక్కున అతుక్కుంది. ఎడమ పక్క పెడితే జారి కింద పడింది. ఇంజను పైని ముందు మూత మీద సగం అతుక్కుంది, సగం పడింది. సంగతి తేలిపోయింది. సొట్టలు సొట్టలుగానే ఉన్నాయి. గుంతల్లో లప్పం నింపి, పైన రంగు పూసి పంపాడు మహానుభావుడు. పైన పటారం, లోన లొటారం.

ఆ షెడ్డువాడితో హన్మమ్మ ఏం మాట్లాడిందో ఇక్కడ రాస్తే బాగుండదు.

“ఈసారి బండెంట నేనొస్త,” అంది మొగుడితో. “నువ్వు నడుపు. మాట నేను మాట్లాడ్త.”

అలా ఆ కారు తాండూరు చేరింది. అక్కడ పాత మిల్లు గోదాములో ముర్తుజా అని ఒక ముసలి పనివాడున్నాడు. పని గొప్పగా ఉంటుంది, బండి ఎప్పుడు చేతికొస్తుందో మాత్రం అల్లాకే తెలియాలి అని డ్రైవర్లు అంటారు. ముర్తుజా కారు చుట్టూ తిరిగి చూశాడు, తర్వాత హన్మమ్మ చేతి వంక చూశాడు.

“గదేంది బహెన్, చేతుల?”

“సూదంటురాయి. రంగు కొట్టకముందు అంతట పెట్టి జూస్త.”

మొగులప్ప సిగ్గుతో నేల చూపులు చూశాడు. ముర్తుజా మాత్రం నోట్లోని పాన్ పక్కకు తోసి నవ్వాడు.

“జరూర్ జూడు. లప్పమంటె ముఖానికి రాసుకునే పౌడరు బహెన్. పౌడరుతోటి ముక్కు జేస్తరా ఎవలన్న?”

హన్మమ్మకు ఆ మనిషి అక్కడే నచ్చేశాడు. రోజూ పొద్దున పాలు పిండి, రైలెక్కి తాండూరు పోయి, గోదాములో ఒక మూల కూర్చునేది. ముర్తుజా ముందు పాత లప్పమంతా రేకు కనబడేదాకా గీకేశాడు. సొట్టకు ఒక పక్క ఇనపదిమ్మ ఆనించి, రెండో పక్కనుంచి చిన్న సుత్తితో తడుతూ తడుతూ రేకును దాని చోటికి తెచ్చాడు. బాగుపడని ముక్కను కోసేసి వేరే రేకు అతికించాడు. మధ్య మధ్య కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చూసేవాడు. ఎర్ర ప్రైమరు పడ్డాక హన్మమ్మ సూదంటురాయితో కారంతా తిరిగింది. ఎక్కడ పెట్టినా టక్, టక్. ఆ చప్పుడు ఆమె చెవులకు సన్నాయిలా వినబడింది.

కానీ రంగు కొట్టవయ్యా అంటే ముర్తుజా కొట్టడే!

“గీ ఊర్ల గాలి జూసినవా? అంత బండల పొడి. ఇయ్యాల రంగు కొడితె రేపటికి నీ కారు గరుకు బండయితది. బండల మిషన్లు బందైన దినం కొడ్త.”

బండలకు మెరుగుపెట్టే మిషన్లన్నీ సెలవుకు ఆగిన రోజు తెల్లారగానే పని మొదలైంది. ముర్తుజా భార్య వజీరాబీ గోదాము నేలంతా నీళ్లు చల్లి దుమ్ము అణచింది. తలుపులకు తడి గోనెసంచులు కట్టింది. “లోపలికొస్తె కాళ్లిరగ్గొడ్త” అని మొగులప్పను బయటే ఆపింది. లోపల ముర్తుజా పొర మీద పొర, పలచగా, తొందరపడకుండా రంగు కొట్టాడు. బయటికొచ్చిన కారును చూసి హన్మమ్మ నోట మాట రాలేదు. ఆమె నోట మాట రాకపోవడం మొగులప్ప పెళ్లయ్యాక చూడటం అదే మొదలు.

పోయేముందు ముర్తుజా హెచ్చరికలు మొదలుపెట్టాడు. రంగు పైకి ఆరింది గానీ లోపల ఇంకా కచ్చాగానే ఉంది. నెల దాటేదాకా సబ్బు పెట్టొద్దు, పాలిష్ రుద్దొద్దు. దుమ్ము పడితే పొడి గుడ్డతో తుడవొద్దు, నీళ్లు పోసి వదిలెయ్యాలి. చెట్టు కింద పెట్టొద్దు, పిట్టల రెట్ట రంగును తినేస్తుంది. పూలదండ వెయ్యొద్దు. పసుపు కుంకుమ అసలే వద్దు, ఆ మరక జన్మలో పోదు.

“బొట్టు గూడ ఒద్దా భాయ్? బాగై ఇంటికొస్తున్న బండి!”

“నీకు పెట్టుకో బహెన్. బండికొద్దు.”

హన్మమ్మ ఇంటికొచ్చి ఆలోచించి, నాలుగు టైర్లకూ బొట్లు పెట్టింది. టైర్లకు రంగు వెయ్యలేదు కదా.

ఆ వారంలోనే మోమిన్‌పేట నుంచి జనార్దన్ పటేలు కబురు పంపాడు. ఆయన ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లకూ ఈ కారే పోయింది. ఇప్పుడు ఆఖరి పిల్ల పెళ్లి. పెళ్లి బట్టలు కొనడానికి మర్నాడు కాక ఆ మర్నాడు వికారాబాదు వస్తున్నాడు, కారు కూడా ఒకసారి చూస్తాడట. బండి గుద్దుకుందని ఎవరో చెప్పారట, అది నిజమో కాదో తేల్చుకుంటాడట. జనార్దన్ పటేలు సరేనంటే ఊరంతా సరేనంటుంది. ఆయన తల అడ్డంగా ఊపితే ఇక మేకలే.

మర్నాడు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. మొగులప్ప గడ్డి తేవడానికి పోయాడు. ఉన్నట్టుండి మబ్బు కమ్మి, గాలి లేచి, రాళ్లవాన మొదలైంది. మొదటి రాయి గచ్చు మీద పడి ఎగిరింది. నిమ్మకాయంత ఉంది. హన్మమ్మ వాకిట్లో నిలబెట్టిన కారును చూసింది, ఆకాశాన్ని చూసింది. లోపలికి ఉరికి, చేతికి దొరికిన పెద్ద బొంతను లాక్కొచ్చి ముందు మూత నుంచి పైకప్పు దాకా కప్పేసింది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి ఆమె స్వయంగా కుట్టిన బొంత అది. అంచులు ఎగరకుండా చేతులతో అదిమి పట్టుకుని, నెత్తిన రాళ్లు పడుతున్నా కదలలేదు. పక్కింటి రేకుల కప్పుకు చిల్లులు పడ్డాయి. కారు మీద పడ్డ రాళ్లు మాత్రం మెత్తగా దొర్లిపోయాయి.

వాన వెలిసింది. మళ్లీ పడుతుందేమోనన్న భయంతో ఆమె బొంత తియ్యలేదు. బర్రెలు బెదిరి అరుస్తుంటే వాటి దగ్గరికి పోయింది. ఈలోగా ఎండ మళ్లీ పెళపెళ కాసింది. తడిసి బరువెక్కిన బొంత, కింద కచ్చా రంగు. పాలు పిండి వచ్చి బొంత తీసేసరికి ముందు మూత మీద, పైకప్పు మీద వరసలు వరసలుగా కుట్లు అచ్చుపడి ఉన్నాయి. అతుకులతో సహా, అంచులతో సహా.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. హన్మమ్మ అక్కడే కూలబడింది. తిట్టడానికి మొగుడు కూడా లేడు, ఉన్నా తప్పు అతనిది కాదు. అదే ఆమెకు ఎక్కువ బాధ.

కబురందుకుని మర్నాడు పొద్దున రైల్లో ముర్తుజా వచ్చాడు. అచ్చులు నిమిరి చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

“అన్ని జెప్పిన, బొంత సంగతి జెప్పలే. కారుకు బొంత కప్పెటోళ్లు ఉంటరని నాకేమెర్క?”

“నవ్వకు భాయ్. ఇయ్యాలనే పటేలొస్తుండు. రుద్ది తీసెయ్యి.”

“ఇప్పుడు రుద్దితె కింది పొర దాక పోతది. గట్టిపడనియ్యి, నెలైనంక నేనే వచ్చి రుద్ది పోత. ఫికర్ జెయ్యకు బహెన్. రంగు పోతె మల్ల రంగుంటది. రేకు మాత్రం బచాయించినవ్.” అని ఆయన మళ్లీ రైలెక్కి వెళ్లిపోయాడు.

నెలైనంక! పెళ్లి పది రోజుల్లో ఉంది. పటేలు ఇంకో గడియలో వస్తాడు. మొగులప్ప కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరిగి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు.

“గది బొంబాయి డిజైనని చెప్దాం. గుద్దిందంటె ఉత్తదే, ఎవలో కండ్లల్ల మంటతోటి పుకారు లేపిండ్రని చెప్దాం. నువ్వు మాత్రం నోరు తెర్వకు, నీ దండం బెడ్త.”

హన్మమ్మకు అబద్ధమంటే గొంతుకు అడ్డం పడుతుంది. అయినా కారు వంక చూసి సరేనంది.

జనార్దన్ పటేలు తల్లిని కూడా వెంట తెచ్చాడు. ఆమె పేరు భాగమ్మ. బొట్టు లేని నుదురు, చేతిలో కర్ర, చూపు అంతంత మాత్రం. పటేలు కారు చుట్టూ తిరిగి మడ్గార్డు చూశాడు, తలుపు వేసి తీశాడు. గుద్దిన జాడ ఎక్కడా దొరకలేదు, మూత మీది వరసలు మాత్రం వింతగా తోచాయి. ఈలోగా భాగమ్మ కర్ర కొడుకు చేతికిచ్చి, ముందు మూత మీద చెయ్యి వేసింది. ముట్టుకోవద్దని అరవబోయి హన్మమ్మ నాలుక కరుచుకుంది. ముసలమ్మ వేళ్లు ఒక వరస వెంట మెల్లగా నడిచి, మూల దగ్గర ఆగాయి.

“గిది బొంత కుట్టు గాదా?”

“కాదవ్వా, బొంబాయి డిజైన్!” అన్నాడు మొగులప్ప. “కొత్తగొచ్చింది. పెద్ద పెద్దోళ్లు ఏపిచ్చుకుంటుండ్రు.”

“ఓహో. మరి బొంబాయోళ్లకు గూడ మూలకాడ దారం అయిపోతదా? ఇగో, ఈడ తెగింది, మల్ల అందుకున్నరు. ఈడ జోల్‌పట్టి పడి కుట్టు తప్పింది.” అని ఆమె వేలితో చూపించింది. “పుట్టినప్పటి సంది బొంతలు కుడ్తున్న నాయినా. నాకు బొంబాయి జూపియ్యకు.”

 హన్మమ్మ ఇక ఆగలేకపోయింది. ఆ కుట్టు నిజంగానే కునుకుపాట్లు పడుతూ కుట్టింది. అది కనిపెట్టిన మనిషి ముందు అబద్ధం ఎలా చెప్పడం?

“నా బొంతనే అవ్వా,” అంది. “బండి గుద్దుకున్నది గూడ నిజమే. పిల్లను దింపినంక మోరీ గోడకు తగిలింది. ఎవ్వలికి ఏం గాలే. మొదలు లప్పం బెట్టి మోసం జేసిండ్రు, మల్ల తాండూరు తోల్కవోయి రేకు తట్టిపిచ్చిన. నిన్న రాళ్లవానకు నా బండి మల్ల సొట్టలువోతదని బొంత గప్పిన. గదేమొ గిట్ల అచ్చువడ్డది. గింతే.”

మొగులప్ప తల పట్టుకున్నాడు. జనార్దన్ మొహం ముడుచుకుంది.

“అయితె గుద్దిన బండేనన్నట్టు. పెండ్లి పని గదా హన్మమ్మా, నలుగురేమంటరు? శకునం మంచిగుండాలె. పా అమ్మా, పోదాం.”

భాగమ్మ కదల్లేదు. చెయ్యి ఇంకా కారు మీదే ఉంది.

“నీ పెండ్లిబండి యాదికున్నదారా? వాగుల ఇరుసు ఇరిగి, నువ్వు నీ పెండ్లాం మోకాలి లోతు నీళ్లల్ల నడిసి వచ్చిండ్రు. నీ సంసారమేమన్న ఆగిందా? నలుగురు బిడ్డలాయె.”

“గది వేరే సంగతమ్మా...”

“ఏం వేరే? శకునమే గదా నీ భయం. నేను ఎదురొస్తె ఏమంటరు రా ఊర్ల? ముండమోసింది ఎదురైందని పక్కకు జరుగుతరు. ముగ్గురు మనుమరాండ్ల పెండ్లిళ్లకు నేను ఎనక బస్సుల కూసోని వచ్చిన. ఎవ్వలు కూసొమ్మనలే, నేనే కూసున్న. పిల్లలకు ఏమన్నయితదేమోనని నాకూ భయమే. గా ముగ్గుర్ని ఎత్తి పెంచింది ఈ చేతులే గదా? సల్లగ లేరా వాండ్లు?”

జనార్దన్ తలొంచుకున్నాడు.  హన్మమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

“రాళ్లవడుతుంటె నెత్తికి కప్పుకోకుండ బండికి బొంత గప్పిందిరా ఈమె. గింత పానం బెట్టి చూసుకునే బండి నాకు ఇంకోటి జూపియ్యి, దాంట్లనే పోదాం.” అని ముసలమ్మ తలుపు పిడి వెతుక్కుంది. “తియ్యి బిడ్డా. ముందుగాల నేనెక్కుత. పాడు శకునమేమన్న ఉంటె నాకు తగిలి ఆడనే పోతది. నాకు కొత్తగ అయ్యేదేమున్నది?”

హన్మమ్మ పరుగున పోయి తలుపు తీసింది. భాగమ్మ వెనక సీటు వంక చూడనైనా చూడలేదు. ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. “నువ్వు గూడ రా” అని హన్మమ్మను వెనక ఎక్కించింది. మొగులప్ప బండి తీశాడు. తన జన్మలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ నడపలేదు. బజారు దాటారు, స్టేషను దాటారు, అనంతగిరి గుట్ట మొదలైంది. చల్లని గాలి కొట్టింది. భాగమ్మ కిటికీలోంచి మొహం బయట పెట్టి చిన్నపిల్లలా నవ్వింది. “ఇంక జర పైకి” అంటూ మలుపు మలుపుకూ వాళ్లను గుట్ట పైదాకా తిప్పించింది.

తిరిగి వచ్చేసరికి జనార్దన్ పటేలు వాకిట్లో గడపమీదే కూర్చుని ఉన్నాడు. బట్టలు కొనడానికి పోనే లేదు. లేచి వచ్చి తల్లి పక్క తలుపు తనే తీశాడు.

“మొగులప్పా, పెండ్లినాడు బండి పొద్దుగాల్నే తే,” అన్నాడు.  “అమ్మా, ఈ పారి బస్సు ఒద్దు. పిల్ల ఎనక కూసుంటది, నువ్వు గిట్లనే ముందట కూసో.”

భాగమ్మ కొడుకు చేతిలోని కర్ర అందుకుంది గానీ దిగలేదు.

“కూసుంట తియ్. అద్దం మాత్రం దింపి పెట్టమను, గాలి మంచిగొస్తున్నది.”